గడ్డ కింద నాష్ కారు

లెంపి సల్మెల పొద్దున లేవగానే కాఫీకి నీళ్ళు పెడుతుంది. అవి మరిగేలోపు రేడియో పెడుతుంది. చలికాలంలో కివిలాహ్తి ఊళ్ళో ఎవరింట్లోనైనా ఇదే వరస. రేడియోలో ముందు చలి ఎంతుందో చెబుతారు, తర్వాత బడి ఉందో లేదో చెబుతారు, ఆ తర్వాత సరస్సు సంగతి.

"హౌకి సరస్సు మీద మంచుగడ్డ మందంగా ఉంది. లారీ ఎక్కించినా ఏం కాదు. ఒడ్లు దగ్గరపడే ఇరుకు దగ్గర మాత్రం అడుగున నీళ్ళ వడి ఉంది, అటు వెళ్ళొద్దు. నాష్ నిన్న సాయంత్రం ద్వీపం చుట్టి వచ్చి డాన్సు హాలు దగ్గర ఆగింది. దీపాలు బాగున్నాయి."

ఆ మాట చెవిన పడ్డాకే లెంపి యాలకుల రొట్టె తుంచి కాఫీలో ముంచుకుంటుంది. కిటికీ అవతల సరస్సంతా తెల్లగా పరుచుకుని ఉంటుంది. చేపలు పట్టేవాళ్ళు గడ్డ మీద వేసుకున్న చెక్క గుడిసెలు, వాటి పొయ్యి గొట్టాల్లోంచి నిటారుగా లేచే పొగ. ఆ గుడిసెలన్నీ నాష్ తిరిగే దారి పొడుగునే ఉంటాయి. దాని దీపాల వెలుతురుకి చేపలు మూగుతాయి మరి. సాయంత్రాలు పిల్లలు స్కేట్లు కట్టుకుని ఆ వెలుగు వెంట పడి పోతుంటారు. నాష్ హాలు దగ్గర మలుపు తిరిగిందంటే ఇక ఇంటికొచ్చెయ్యాలని తల్లులు చెప్పి పంపుతారు.

ఆ కారు సులో కార్వొనెన్‌ది. గడ్డ కిందికి వెళ్ళకముందు రోడ్ల మీద తిరిగింది. అప్పుడు సులోకి ఇరవై రెండేళ్ళు. ఇనప గనిలో పనిచేసి, తాగుడు జోలికీ పేకాట జోలికీ పోకుండా కూడబెట్టి, డులూత్ రేవుపట్నం వెళ్ళి ఎవరో వాడిన కారు కొనుక్కొచ్చాడు. లేత పచ్చరంగు. చక్రాలు సగం లోపలికి దాక్కుని, ఒళ్ళంతా గుండ్రంగా, బోర్లించిన గంగాళంలా ఉండేది. ఊరి కుర్రాళ్ళు నవ్వారు. ఊరి తల్లులు మాత్రం నవ్వలేదు. నాష్ కారులో ముందు సీట్లు వెనక్కి వాల్చితే మంచం అవుతుందన్న సంగతి అప్పటికే అందరికీ తెలుసు. మా పిల్ల ఎవడి కారైనా ఎక్కుతుంది గానీ నాష్ మాత్రం ఎక్కదని లెంపి వాళ్ళమ్మ చర్చిలో నలుగురి ముందూ చెప్పింది. పైగా ఇంకో షరతు కూడా పెట్టింది. వీధిలో నిలబడి హారను కొట్టేవాడికి తన కూతురు బయటికి రాదని, లోపలికొచ్చి కూర్చుని ఒక కప్పు కాఫీ తాగి, వాళ్ళ నాన్నతో పది మాటలు మాట్లాడినవాడితోనే వెళ్తుందని.

సులో లోపలికొచ్చాడు. కాఫీ తాగాడు. లెంపి వాళ్ళ నాన్న మాటలు తక్కువ మనిషి కాబట్టి, పది మాటలు పూర్తయ్యేసరికి నెల పట్టింది. ఆ నెల తర్వాత లెంపి నాష్ ఎక్కింది.

ఆ శీతాకాలమంతా ఆమె మనసులో ఒకటే రోజుగా కలిసిపోయి ఉంది. శనివారం సాయంత్రాలు సరస్సు మీదుగా డాన్సు హాలుకి పోవడం, కారులో హీటరు వాసన, ఉన్ని చేతితొడుగులు ఆరేసిన వాసన, రేడియోలో ఎక్కడో చికాగో నుంచి వచ్చే అకార్డియన్ పాట, అది మధ్యలో గరగరమంటే సులో డాష్‌బోర్డు మీద ఒక్క దెబ్బ వెయ్యడం. కారు నడపడం ఆమెకి గడ్డ మీదే నేర్పాడు. ఇక్కడ గుద్దుకోడానికి ఏమీ లేదు, భయపడకు అనేవాడు. ఆమె స్టీరింగ్ గిర్రున తిప్పితే కారు తెల్లటి మైదానం మీద బొంగరంలా తిరిగేది. తిరిగి తిరిగి ఆగాక ఏ దిక్కున ఇల్లుందో ఇద్దరికీ తెలిసేది కాదు.

మార్చి నెలలో ఒక సాయంత్రం లెంపి నడుపుతుండగా ఇరుకు దగ్గర గడ్డ విరిగింది. ఆ కాలంలో అందరూ చేసినట్టే తలుపులు తెరిచిపెట్టుకునే నడుపుతున్నారు కాబట్టి చెరోపక్కకీ దూకేశారు. కారు ముక్కు ముందు దిగింది, ఆ వెనక గుండ్రటి వీపు. ఇద్దరూ తడిసిన బట్టలతో చేతులు పట్టుకుని చూస్తూ నిలబడ్డారు. నీళ్ళ అడుగున రెండు వెలుగులు చిన్నవై, చిన్నవై, నేలకి ఆనాయి. లెంపికి ఏడుపు ముంచుకొచ్చింది. సులో తడిసిన టోపీ తీసి పిండుకున్నాడు. తర్వాత అన్నాడు:

"దీపాలు ఆర్పడం మర్చిపోయాం."

ఆ మాట ఊళ్ళో చాలా ఏళ్ళు తిరిగింది. కారు కూడా తిరిగింది. తర్వాతి చలికాలం సరస్సు గడ్డకట్టగానే నాష్ లేచి, లెంపి వాళ్ళ రేవు నుంచి హాలుకీ, హాలు నుంచి ద్వీపం చుట్టూ, మళ్ళీ వెనక్కీ తిరగడం మొదలుపెట్టింది. ఊరివాళ్ళు మొదటి వారం గడ్డకి చెవులు ఆనించి ఇంజను బాగానే ఉందని తేల్చుకున్నారు. తర్వాత తమ గుడిసెలు దాని దారికి జరుపుకున్నారు.

సులో మాత్రం అప్పటికి ఊళ్ళో లేడు. ఇంకో కారు కొనాలని ఓడ ఎక్కాడు, సుపీరియర్ సరస్సులో ఇనప ఖనిజం మోసే పెద్ద ఓడ. నీళ్ళంటే ఇష్టం పుట్టింది. డులూత్‌లో కాపురం పెడదాం రమ్మన్నాడు. ఏడాదిలో తొమ్మిది నెలలు కిటికీలోంచి చూస్తూ కూర్చునే పెళ్ళాంగా తాను ఉండలేనని లెంపి చెప్పింది. అతను అర్థం చేసుకున్నాడు, ఆమె కూడా అర్థం చేసుకుంది. అలా అర్థం చేసుకునే ఇద్దరూ విడిపోయారు. రెండేళ్ళకి లెంపి రెయినో సల్మెలని పెళ్ళాడింది. రోడ్ల మీద మంచు తోసే లారీ నడిపేవాడు రెయినో. నెమ్మదస్తుడు, మంచివాడు. లెంపి సహకార దుకాణంలో పనిచేసింది, ఇద్దరూ కలిసి సరస్సు ఒడ్డునే లెంపి పుట్టిన ఇంట్లో బతికారు. చలికాలం సాయంత్రాలు రెయినో గడ్డకి కన్నం తొలుచుకుని నాష్ వెలుతురులో గాలం వేసుకు కూర్చునేవాడు. సులో బండి చేపల్ని భలే పిలుస్తుందని మెచ్చుకునేవాడు. అందులో ఎత్తిపొడుపు వెతికినా దొరికేది కాదు.

రెయినో పోయి మూడు చలికాలాలయింది. సులో పని మానేసి ఊరికి తిరిగొచ్చి అంతకు రెండింతలైంది. ఒంటరివాడు, అవతలి ఒడ్డున చిన్న ఇల్లు కొనుక్కున్నాడు. సరస్సుకి అడ్డంగా నడిస్తే అరగంట దారి. రోడ్డు మీద చుట్టూ తిరిగి వస్తే కారుకీ అంతే పడుతుంది. దుకాణంలో ఎదురుపడితే ఇద్దరూ వాతావరణం గురించి మాట్లాడుకునేవారు. అక్కడి వాతావరణం గురించి మాట్లాడుకోడానికి చాలానే ఉంటుంది కాబట్టి ఎప్పుడూ ఇబ్బంది పడలేదు. సులో సరస్సు గడ్డ మీద అడుగుపెట్టడన్న సంగతి మాత్రం అందరూ గమనించారు.

ఈ చలికాలం లెంపి ఊరు వదిలిపెట్టే ఏర్పాట్లలో ఉంది. చెల్లెలు ఇంపి అరిజోనాలో ఉంటుంది, ఆమె మొగుడూ పోయాడు. ప్రతి ఆదివారం ఫోను చేసి ఇక్కడ పెరట్లో నారింజ చెట్టుంది, మోకాళ్ళ నొప్పులుండవు, రెండు పడగ్గదులున్నాయి, ఒక్కదానివీ అక్కడ ఏం చేస్తావే అక్కా అంటుంది. లెంపి చివరికి సరేనంది. ఇల్లు కొంటామని మినియాపొలిస్ వాళ్ళెవరో వచ్చి చూసుకుని వెళ్ళారు. ఫిబ్రవరి ఆఖరుకి బయల్దేరాలి. లెంపి అటకమీది సామాన్లు దింపి, ఇవ్వాల్సినవి ఇచ్చేస్తోంది.

ఆ రోజుల్లోనే నాష్ ఆగిపోయింది.

ఆగిపోవడమంటే చెడిపోవడం కాదు. ఒక సాయంత్రం చీకటి పడే వేళకి మామూలుగానే లెంపి రేవుకి వచ్చింది, కానీ వెనక్కి తిరగలేదు. ఒడ్డుకి ఇరవై గజాల దూరంలో, గడ్డ కింద, ఇంజను ఆపేసి, దీపాలు ఇంటి వైపు పెట్టుకుని నిలబడింది. హారను కొట్టింది. గడ్డ కింద హారను చెవులకి వినిపించదు, అరికాళ్ళకి తెలుస్తుంది. లెంపి వంటింట్లో అల్మరాలోని కప్పులు సన్నగా గలగలమన్నాయి. ఆమె స్టవ్వు ముందు నిలబడి కిటికీ వైపు చూసింది. తర్వాత, అమ్మ పోయి ఇన్నేళ్ళయినా అమ్మ మాట పోలేదు కాబట్టి, తెర లాగేసి వంట చేసుకుంది.

మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే. రేడియోలో చెప్పారు: "నాష్ ఇంకా సల్మెల రేవు దగ్గరే ఉంది."

వారం గడిచాక ఆర్విడ్ లుండ్ వచ్చాడు. ఆర్విడ్ పక్కింటివాడు, స్వీడనువాళ్ళ సంతతి, చేపలు పట్టడం తప్ప మరో ధ్యాస లేదు. గుమ్మంలో బూట్ల మంచు దులుపుకుని, కాఫీ పుచ్చుకుని, అసలు విషయం చెప్పడానికి రెండో కప్పు దాకా ఆగాడు.

"లెంపీ, నీ బండి అక్కడ దీపాలు వేసుకుని కూర్చుంది."

"నా బండి కాదు."

"ఎవరిదైతేనేం. తిరుగుతున్నంతసేపూ బ్యాటరీ దానంతట అది నిండుతుంది. నిలబెట్టి దీపాలు వేసి ఉంచితే ఏమవుతుంది? నువ్వే చెప్పు. నిన్న చూశాను, పసుపు తిరిగింది వెలుతురు."

"నన్నేం చెయ్యమంటావ్?"

"నాకేం తెలుసు. మా గుడిసె దగ్గర చేపల్లేవు. నీ గుమ్మం ముందు మాత్రం కుప్పలు కుప్పలు. నీకా గాలం వేసే అలవాటు లేదాయె." లేచి టోపీ పెట్టుకుంటూ అన్నాడు, "పిలిచినప్పుడు కనీసం వెళ్ళి ఏంటని అడగాలి కదా. కుక్క పిలిచినా అడుగుతాం."

దుకాణానికి వెళితే అక్కడా అదే మాట. జబ్బుపడ్డ చుట్టాన్ని గురించి అడిగినట్టు అడిగారు, ఇవాళ ఎలా ఉంది వెలుతురు, రాత్రి కన్నా తగ్గిందా అని. లెంపికి సిగ్గేసింది. ఇంటికొచ్చి కోటు విప్పకుండానే చీపురు పట్టుకుని గడ్డ మీదికి వెళ్ళింది. వెలుతురు ఉన్నచోట మంచు ఊడ్చింది. గాజులా నల్లగా, తేటగా గడ్డ కనబడింది. మోకాళ్ళు నొప్పెడుతున్నా వంగి కూర్చుని చూసింది.

కిందుంది. లేత పచ్చరంగు అలాగే ఉంది. ఆమె ఎప్పుడూ దాన్ని ఇంత దగ్గరగా, కదలకుండా ఉండగా చూడలేదు. రెయినో ఉన్నన్నాళ్ళూ చూడాలనిపించలేదు, ఆ తర్వాత చూడాలన్న ఆలోచన రాలేదు. డ్రైవరు పక్క తలుపు ఓరగా తెరిచి ఉంది. సీట్లు రెండూ నిటారుగా, మర్యాదగా ఉన్నాయి. రేడియో అద్దం వెనక చిన్న వెలుగు. చెవి ఆనించింది. పాట వస్తోంది, కానీ చాలా నెమ్మదిగా, నిద్రపోతున్న మనిషి గొణిగినట్టు సాగి సాగి వస్తోంది. బ్యాటరీ అయిపోతున్నప్పుడు పాట అలాగే వస్తుంది.

ఆమె చేతితొడుగు తీసి గడ్డ మీద అరచెయ్యి పెట్టింది. కింద నుంచి కొంచెం వెచ్చగా తగిలింది. ఆ చెయ్యి తీసి మళ్ళీ తొడుగు వేసుకోడానికి ఆమెకి చాలాసేపు పట్టింది.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం ఆమె ఇంటి ముందు సులో ట్రక్కు ఆగింది. రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి వచ్చాడు. హారను కొట్టలేదు. తలుపు తట్టి, టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. జుట్టంతా తెల్లబడింది గానీ చెవులు అప్పట్లాగే చలికి ఎర్రబడతాయి. లెంపి కుర్చీ చూపించింది. ఒకప్పుడు ఆమె నాన్న కూర్చున్న కుర్చీ అది, ఆ తర్వాత రెయినో కూర్చున్నది. సులో కాస్త తటపటాయించి దాని పక్కనున్న బెంచీ మీద కూర్చున్నాడు.

కాఫీ తాగుతూ ట్రక్కు టైర్ల గురించీ, ఉత్తరపు గాలి గురించీ మాట్లాడాడు. రొట్టె రెండో ముక్క తీసుకున్నాక అన్నాడు:

"మా కిటికీ ముందు నుంచి అది పోవట్లేదు. పది రోజులైంది. ఏమైందోనని వచ్చాను."

"మీ కిటికీ ముందు నుంచి పోయేదా?"

"ద్వీపం చుట్టి వచ్చేటప్పుడు కనిపిస్తుంది. కాసేపే. చెట్ల మధ్య నుంచి." కప్పు తిప్పుతూ కూర్చున్నాడు. "ఆ ఇల్లు కొన్నది ఆ కిటికీ కోసమే. ఇల్లేం బాలేదు, పైకప్పు కారుతుంది."

లెంపి లేచి అతని కప్పు నింపింది, అది ఇంకా సగం ఉన్నా సరే.

అప్పటినుంచి రోజూ వచ్చాడు. మధ్యాహ్నం వచ్చి, కాఫీ తాగి, చీకటి పడే వేళకి ఇద్దరూ రేవు దాకా నడిచేవారు. సులో ఒడ్డునే నిలబడేవాడు. లెంపి గడ్డ మీదికి వెళ్ళి మంచు ఊడ్చి, అతను అడిగినవి చూసి చెప్పేది. అది ఆరు వోల్టుల పాత బ్యాటరీ, ఇన్నాళ్ళు రావడమే ఎక్కువ అన్నాడు. దీపాలు పసుపు నుంచి తేనెరంగుకి దిగాయి. హారను కూడా ఇప్పుడు కప్పుల్ని కదిలించడం లేదు, గొంతు సవరించుకున్నట్టు ఉంటోంది అంతే. చుట్టూ దూరంగా ఆర్విడ్, మిగతావాళ్ళు గుడిసెల గుమ్మాల్లో నిలబడి చూసి లోపలికి పోయేవారు. ఎవరూ దగ్గరికి రాలేదు.

అరిజోనా గురించి ఒక్కసారే మాట్లాడుకున్నారు. ఎప్పుడు ప్రయాణమని అడిగాడు. వచ్చే వారమని చెప్పింది. అక్కడ సరస్సులు గడ్డకట్టవని అతను అంటే, అందుకేగా వెళ్ళేదని ఆమె అంది.

బయల్దేరడానికి ఇంక రెండు రోజులున్నాయనగా, సాయంత్రం దీపాలు ఎర్రబడ్డాయి. పొయ్యిలో ఆఖరి నిప్పుల్లా రెండు చుక్కలు. హారను రాలేదు. లెంపి మంచు ఊడ్చి చెవి ఆనించింది, ఏమీ వినబడలేదు. తల తిప్పి ఒడ్డు వైపు చూసి అంది:

"పాట ఆగిపోయింది సులో."

అతను జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ముందుకి ఒక అడుగు వెయ్యబోయి ఆగాడు.

లెంపికి విసుగొచ్చింది. ఇన్ని రోజులుగా అనకుండా ఊరుకున్న మాట అనేసింది. "ముప్ఫై ఏళ్ళు ఓడ మీద తిరిగినవాడివి. ఈ గడ్డ చూసి భయమేంటి నీకు?"

"భయం కాదు."

"మరి?"

"రోజూ సాయంత్రం రెయినో ఇక్కడ కూర్చునేవాడు. దూరం నుంచి అతని లాంతరు కనిపించేది. నా కారు వెలుతురులో అతను చేపలు పట్టుకుంటున్నాడు, బాగానే ఉంది. అతను కూర్చున్న చోటికి నేను వచ్చి నిలబడితే బాగుండదనుకున్నాను."

"రెయినో పోయి మూడేళ్ళయింది."

"అప్పటికి రాకపోవడం అలవాటైపోయింది," అన్నాడు సులో.

లెంపి చీపురు మీద ఆనుకుని అతన్నే చూసింది. రెయినో ఉంటే ఏమనేవాడో ఆమెకి తెలుసు. కొంచెం జరిగి, ఖాళీ డబ్బా బోర్లించి, కూర్చోమనేవాడు. ఆ మాటే చెప్పింది. సులో తల వంచుకుని విన్నాడు. తర్వాత ఒడ్డు దిగి గడ్డ మీదికి వచ్చాడు. మొదటి నాలుగడుగులూ నీళ్ళలో దిగినవాడిలా మోకాళ్ళు ఎత్తి వేశాడు. వచ్చి ఆమె పక్కన వంగి చూశాడు. ఆ కారును చూడడం అతనికి ఆ రోజు తర్వాత అదే మొదలు. ముక్కు తుడుచుకున్నాడు, చలికి అందరూ తుడుచుకున్నట్టే.

"దీనికి ఇంజను బాగానే ఉంది," అన్నాడు చివరికి. "తోస్తే అంటుకుంటుంది."

"ఎలా తోస్తాం? మధ్యలో ఇంత గడ్డ ఉంటే."

అతను చుట్టూ చూశాడు. ఇంటి మెట్ల పక్కన గోడకి ఆనించి లెంపి జారుడుకుర్చీ ఉంది. రెండు పొడవాటి ఉక్కు బద్దల మీద బిగించిన చెక్క కుర్చీ అది. ఒకరు కూర్చుంటే ఇంకొకరు వెనక నిలబడి కాలితో తన్నుతూ పోనిస్తారు. లెంపి దాని మీదే రోడ్డు చివరి పెట్టె దాకా వెళ్ళి ఉత్తరాలు తెచ్చుకుంటుంది. సులో దాన్ని తెచ్చి, అటూ ఇటూ జరిపి, కిందున్న డ్రైవరు సీటుకి సరిగ్గా పైన పెట్టాడు.

"కూర్చో."

"నేనా?"

"అప్పుడు కూడా నువ్వేగా నడిపింది."

లెంపి కూర్చుంది. ఒళ్ళో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గాలిలోకి కొంచెం చాచింది, తగ్గించింది, మళ్ళీ చాచింది. సులో వెనక నిలబడి మూడో గేరు వెయ్యమన్నాడు, క్లచ్ తొక్కి పట్టుకోమన్నాడు, తను చెప్పేదాకా వదలొద్దన్నాడు. ఆమె ఎడమకాలు చెక్క మీద గట్టిగా అదిమిపట్టింది. ఎవరైనా చూస్తున్నారేమోనని గుడిసెల వైపు చూసింది. తలుపులన్నీ మూసి ఉన్నాయి. అన్ని తలుపులూ ఒకేసారి మూసి ఉండడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

సులో తన్నాడు. కుర్చీ కదల్లేదు. కుర్చీ తేలికే, లెంపీ పెద్ద బరువు కాదు, కానీ కుర్చీ బండరాయిలా ఉంది. అతను మూలుగుతూ మళ్ళీ తన్నాడు. ఆమె వెనక్కి తిరగబోతే ముందుకే చూడమన్నాడు. మూడోసారికి కుర్చీ ఒక బెత్తెడు కదిలింది. లెంపి కిందికి చూసింది. గడ్డ అడుగున ఆ ఎర్ర చుక్కలు రెండూ కూడా బెత్తెడు కదిలాయి.

తర్వాత తేలికైంది. కుర్చీ జారింది, పోయింది, వేగం పట్టింది. ఉక్కు బద్దల చప్పుడు, వెనక సులో ఊపిరి, ముఖానికి గాలి. లెంపి చేతులు వాటంతట అవే గుండ్రంగా ఒకదాన్ని పట్టుకున్నాయి. అది చల్లగా, సన్నగా, ఆమెకి బాగా తెలిసినదిగా ఉంది. నా వేళ్ళకి మతిమరుపు రాలేదు అనుకుంది. కింద ఆ పొడవాటి పచ్చటి వీపు ఆమెతో సమానంగా వస్తోంది.

"ఇప్పుడు వదులు," అన్నాడు సులో.

ఆమె ఎడమకాలు ఎత్తింది.

కుర్చీ ఒక్క కుదుపు కుదిపింది. సరస్సు ఈ కొస నుంచి ఆ కొస దాకా గడ్డ గుమ్మని మోగింది. ఇంకో కుదుపు. కింద ఏదో దగ్గింది, తడబడింది, దగ్గింది, అందుకుంది. దీపాలు తేనెరంగుకి లేచాయి, పసుపుకి లేచాయి, తెల్లగా విచ్చుకున్నాయి. లెంపి చుట్టూ మంచంతా లోపలి నుంచి వెలిగింది. పాట వచ్చింది, సరైన వేగంతో.

సులో తన్నడం ఆపేశాడు. బద్దల మీద రెండు కాళ్ళూ పెట్టి, కుర్చీ వెనక పట్టుకుని నిలబడ్డాడు. అయినా కుర్చీ పోతూనే ఉంది.

సరస్సు నడిమధ్యలో అది నెమ్మదించి ఆగింది. లెంపి దిగింది. సులో భుజం పట్టుకుంది. ఇద్దరూ ఆయాసపడుతున్నారు, ఆయాసంలోనే నవ్వొచ్చింది.

"స్టీరింగ్ పట్టుకోవడం మర్చిపోలేదు నువ్వు."

"నేను స్టీరింగ్ పట్టుకున్న బండి సరస్సు అడుగునే తిరుగుతోంది, గుర్తుంచుకో," అంది లెంపి.

నాష్ కాసేపు ఇంజను ఆడిస్తూ నిలబడింది. తర్వాత హాలు వైపు కాకుండా, ద్వీపం వైపూ కాకుండా, ఎన్నడూ పోని దారిలో అవతలి ఒడ్డుకి మళ్ళింది. మనిషి నడిచేంత వేగంతోనే పోయింది. ముందు దారి చూపించడానికి పోతున్నట్టుగా లేదు. తనకీ అటే పనున్నట్టు పోయింది. లెంపి సులో మోచెయ్యి పట్టుకుంది. అతను కుర్చీకి తాడు కట్టి వెనకాల లాగాడు. దారిలో అతను ఓడల గురించి చెప్పాడు, ఆమె రెయినో గురించి చెప్పింది. మాటలకి మధ్య చాలా ఖాళీలున్నాయి. ఆ ఖాళీల్లో కింద నుంచి పాట వినబడింది.

మర్నాడు పొద్దున సులో ఇంట్లో కాఫీ పెట్టింది లెంపి. అతని కాఫీ తాగేలా లేదని ఆ రోజే తేలింది. పైకప్పు నిజంగానే కారుతోంది, బకెట్ పెట్టి ఉంది. రేడియోలో చలి ఎంతుందో చెప్పారు, బడి ఉందన్నారు. గడ్డ బాగుందన్నారు. నాష్ మళ్ళీ తిరుగుతోందనీ, దీపాలు బాగున్నాయనీ చెప్పి, చర్చిలో ఆదివారం భోజనాల సంగతికి వెళ్ళిపోయారు.

లెంపి చెల్లెలికి ఫోను చేసింది. రావట్లేదని చెప్పింది. ఇంపి చాలాసేపు మాట్లాడింది, నారింజల గురించీ, ఇల్లు కొంటామన్నవాళ్ళకి ఏం చెబుతావనీ, ఈ వయసులో నీకిదేం బుద్ధి అక్కా అనీ. లెంపి అన్నీ విని, వేసవిలో నువ్వే రా, గది ఖాళీగానే ఉంటుందని చెప్పి పెట్టేసింది. సులో బకెట్ నిండితే బయట పారబోసి వచ్చి, పైకప్పు మరమ్మతుకి నిచ్చెన ఎవరిదగ్గర ఉందో ఆలోచిస్తున్నట్టు పైకి చూస్తూ కూర్చున్నాడు.

ఆమె కప్పు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడింది. రాత్రి గాలి లేదు కాబట్టి మంచు మీద జాడలు చెరగలేదు. అంత దూరం కంటికి సరిగా ఆనకపోయినా ఆమెకి తెలుసు, అవతల తన రేవు దగ్గర నుంచి సరస్సు మధ్య దాకా రెండు సన్నని గీతలు, వాటి నడుమ కొంతదూరం ఒక్క మనిషి బూటు గుంటలు, ఆపైన అవీ లేవు, ఉత్త గీతలే. నడిమధ్యలో మంచంతా తొక్కి తొక్కి ఉంది. అక్కడి నుంచి ఈ ఒడ్డు దాకా కుర్చీ గీతల పక్కనే ఇద్దరి అడుగులు, దగ్గర దగ్గరగా.

ఆర్విడ్ తన మంచు స్కూటరు మీద గుడిసెకి పోతున్నాడు. రోజూ వెళ్ళే దారి ఆ అడుగులకి అడ్డంగా పోతుంది. అతను బండి ఆపాడు. దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని ఎడమ నుంచి కుడిదాకా, కుడి నుంచి ఎడమదాకా చూశాడు. తర్వాత బండెక్కి, వెనక్కి తిప్పుకుని, ఒడ్డు దాకా వచ్చి, సులో ఇంటి మెట్ల కింద నుంచి చుట్టూ తిరిగి, ఒక్క అడుగూ చెరపకుండా చేపలకి వెళ్ళిపోయాడు.